గీత జరిగితే ఇంటి ధర ఏమవుతుంది?

అమెరికాలో మా ఊరి బడి కాఫెటీరియాలో, ఏ ఇంటి పిల్లలు ఏ బడికి వెళ్ళాలో చూపుతూ స్టాండు మీద నిలబెట్టిన పటం ముందు ఆ సాయంత్రం యాభై మందిమి ఒకరి భుజం మీదుగా ఒకరం తొంగి చూస్తున్నాం. ఒక్కో ఎలిమెంటరీ స్కూలు పరిధికి ఒక్కో రంగు వేశారు. అంతవరకూ మా ఇళ్ళ వెనక వాగు వెంబడి నడిచిన సరిహద్దు గీత, కొత్త ప్రతిపాదనలో వాగు దాటి వచ్చి, సరిగ్గా మా వీధి నడిమధ్యగా సాగిపోయింది. కళ్ళజోడు ఇంట్లో మరచి వచ్చిన పక్కింటాయన నా వెనక నుంచి, "అన్నా, మనవైపు ఇళ్ళు ఆకుపచ్చలో ఉన్నాయా, నారింజలో పడ్డాయా?" అని అడిగాడు. నారింజలో పడ్డాయని చెప్పాను. ఆయన పిల్లలిద్దరూ అప్పటికే హైస్కూలుకు వచ్చేశారు కాబట్టి ఏ ఎలిమెంటరీ స్కూలు ఎటు పోయినా వాళ్ళ చదువుకు వచ్చే నష్టం ఏమీ లేదు. అయినా ఆయన ముఖం వాడిపోయింది. "అయితే ఇల్లు ఎంత పడిపోతుందంటావు?" అన్నాడు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలు దొరికినంత మేరకు చదివాను, మా వీధిలో చేతులు మారిన ఇళ్ళను గమనిస్తూ వచ్చాను. ధర మీద దెబ్బ పడే మాట నిజమే. అయితే అది మన వాట్సాప్ గ్రూపుల్లో చెప్పుకున్నంత పెద్దది కాదు, చాలావరకు మనం అనుకున్న కారణం వల్ల పడేది కూడా కాదు.

అమెరికాలో ప్రభుత్వ బడికి ఫీజు లేదు గానీ, సాధారణంగా ఏ బడిలో సీటన్నది ఇంటి చిరునామాయే తేలుస్తుంది. దేశంలో సుమారు 13,000 స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే ఒక్కో ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థలు, ఉన్నాయి. ఇల్లు కొనేవాడు చూసుకోవలసిన గీతలు నిజానికి రెండు. మొదటిది డిస్ట్రిక్టు ఎల్ల. అది పన్నులతోనూ రాష్ట్ర చట్టాలతోనూ ముడిపడినది కనుక అరుదుగా తప్ప కదలదు. రెండోది డిస్ట్రిక్టు లోపల ఒక్కో బడికి గీసుకున్న పరిధి. స్కూల్ బోర్డు మెజారిటీ ఓటుతో దాన్ని ఎప్పుడైనా జరపవచ్చు. పొలం గట్టు జరిగితే తరతరాలు కోర్టుల చుట్టూ తిరిగే జాతి మనది. అలాంటి మనం, సర్వే రాయి లేని ఈ రెండో గీతను నమ్ముకుని ముప్పై ఏళ్ళ అప్పు నెత్తికెత్తుకుంటున్నాం.

ఇల్లు అమ్మకానికి పెట్టిన వెబ్‌సైట్లలో మూడు బడుల పేర్లు, వాటి పక్కన గ్రేట్‌స్కూల్స్ సంస్థ పదికి ఇచ్చే రేటింగు కనిపిస్తాయి. బడి పరిధిని కొనేవారే సరిచూసుకోవాలన్న మాట కూడా ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏజెంటును అడిగితే, ఇళ్ళ అమ్మకాల్లో జాతి వంటి వివక్షను నిషేధించే 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద చిక్కులు వస్తాయన్న జాగ్రత్తతో చాలామంది ఈ బడి మంచిది, ఆ బడి కాదు అని నోరు జారరు. వెబ్‌సైటు మీరే చూసుకోండని మర్యాదగా తప్పుకుంటారు. ఇక డిస్ట్రిక్టుల వాదన మొదటి నుంచీ ఒక్కటే: ఇల్లు కొన్నంత మాత్రాన ఫలానా బడి మీద హక్కు రాదు. గీత జరిపేటప్పుడు వాళ్ళు తరగతి గదుల సామర్థ్యం, దూరం, బస్సు ప్రయాణ కాలం, ఒక బడి పిల్లలు తర్వాతి బడికి కలిసి వెళ్తారా చీలిపోతారా అన్నవి చూస్తారు. ఇళ్ళ ధరలు ఆ జాబితాలో సాధారణంగా ఉండవు. ఉండకూడదనే నా అభిప్రాయం కూడా, నా ఇల్లు నారింజలో పడ్డా సరే.

బడికి ఎంత ధర కడుతున్నామో లెక్క తేల్చిన వాళ్ళలో మొదట చెప్పవలసింది ఆర్థికవేత్త శాండ్రా బ్లాక్ 1999లో ప్రచురించిన అధ్యయనం. మసాచుసెట్స్‌లో బోస్టన్ శివార్లలో, ఒకే డిస్ట్రిక్టులో, బడి సరిహద్దుకు ఇటూ అటూ ఆనుకుని ఉన్న ఇళ్ళను ఆమె పోల్చి చూశారు. పన్నులు అవే, పరిసరాలు దాదాపు అవే, తేడా అల్లా ఎలిమెంటరీ స్కూలే. పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువ ఉన్న బడి కోసం తల్లిదండ్రులు ఇంటికి 2.5 శాతం ఎక్కువ చెల్లించడానికి సిద్ధంగా ఉన్నారని అందులో తేలింది. ఈ అంకె మా వాళ్ళందరికీ నచ్చుతుంది, ఎందుకంటే మనం ముందే అనుకున్నదాన్ని ఇది బలపరుస్తుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం 2007లో బేయర్, ఫెరేరా, మెక్‌మిలన్ శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా మీద ప్రచురించిన లెక్క. సరిహద్దుకు ఇటూ అటూ ఇళ్ళు ఒకేలా ఉన్నా, వాటిలో చేరే మనుషులు ఒకేలా ఉండరని వాళ్ళు గమనించారు. మంచి పేరున్న బడి వైపు ఎక్కువ ఆదాయం, ఎక్కువ చదువు ఉన్న కుటుంబాలు చేరుతూ వస్తాయి. ఆ ఇరుగుపొరుగు ప్రభావాన్ని వేరు చేసి చూస్తే, బడి మార్కులు 5 శాతం పెరిగినందుకు ఇంటి ధరలో కనిపించే ఎక్కువ 1 శాతం కంటే తక్కువే. అంటే బడి పేరు చెప్పి మనం కట్టే సొమ్ములో పెద్ద వాటా నిజానికి పొరుగువారి కోసం కట్టేది. గీత జరిగినంత మాత్రాన ఆ పొరుగువారు మర్నాడే మూటాముల్లె సర్దుకుని పోరు. చెట్లు, పార్కు, ఆఫీసుకు పోయే దారి ఎక్కడివక్కడే ఉంటాయి. పక్కింటాయన భయపడినంతగా ధర ఎందుకు పడలేదన్న దానికి నాకు దొరికిన మంచి వివరణ ఇదే.

అలాగని గీత జరిగితే ఏమీ కాదని చెప్పడానికి లేదు. ఒహాయో రాష్ట్రంలోని షేకర్ హైట్స్‌లో 1987లో బడులను పునర్వ్యవస్థీకరించి కొన్నింటిని మూసివేసినప్పుడు, నడిచి వెళ్ళేంత దూరంలోని బడిని పోగొట్టుకున్న ఇళ్ళ విలువ 9.9 శాతం తగ్గిందని బోగార్ట్, క్రామ్‌వెల్ లెక్కగట్టారు. అక్కడ డిస్ట్రిక్టు మారలేదు. పోయినదల్లా పేటలోని బడి, పొద్దున్నే పిల్లల చేయి పట్టుకుని నడిపించుకెళ్ళే సౌకర్యం, ఆ గేటు దగ్గర నలుగురు తల్లులు నిలబడి మాట్లాడుకునే పది నిమిషాలు. రేటింగు తొమ్మిది నుంచి ఏడుకు దిగడం కంటే, ఐదు నిమిషాల నడక పోయి ఇరవై ఐదు నిమిషాల బస్సు రావడమే పెద్ద నష్టమని నాకు అనిపిస్తుంది. కెనడాలోని వాంకూవర్‌లో 2000 ప్రాంతంలో బడి పరిధులు మార్చినప్పుడు పరిశీలించిన వారికి, చెప్పుకోదగ్గ ప్రభావం అత్యంత ఖరీదైన ఇళ్ళ వర్గంలోనే కనిపించింది.

రేటింగుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ అంకెలో ఎక్కువ భాగం పరీక్ష మార్కుల నుంచి వస్తుంది, మార్కులేమో కుటుంబ ఆదాయంతో గట్టిగా ముడిపడి ఉంటాయి. గీత జరిగి మా వీధిలో సగం పిల్లలు నారింజ బడికి వెళ్తే, వాళ్ళ మార్కులు కూడా వాళ్ళతోనే వెళ్తాయి. పాత అంకెను చూసి కొత్త బడిని తూచడం అందుకే సరికాదు. రెండేళ్ళ తర్వాత ఆ అంకెను తయారు చేసేవాళ్ళలో మన పిల్లలే ఉంటారు. ఫ్లోరిడా రాష్ట్రం బడులకు ఏ, బీ, సీ అంటూ గ్రేడ్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కూడా ఇళ్ళ ధరలు ముందు ఉలిక్కిపడ్డాయనీ, గ్రేడ్లు ఏటా మారుతూ ఉండేసరికి ఆ ప్రభావం క్రమంగా పలచబడిందనీ ఫిగ్లియో, లూకాస్ 2004లో చూపించారు.

మా వీధిలో నేను కళ్ళారా చూసిన నష్టం అంతా అనిశ్చితి వల్ల వచ్చిందే. పటం బయటపెట్టింది అక్టోబరులో, బోర్డు ఓటు వేసింది మార్చిలో. ఆ మధ్యకాలంలో నారింజ వైపు ఒక కుటుంబం ఇల్లు అమ్మకానికి పెట్టింది. ఓపెన్ హౌస్ నాడు, అంటే కొనేవాళ్ళు వచ్చి ఇల్లు చూసుకునే రోజున, వంటగదిలో నిలబడి విన్నాను. లోపలికి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పుతూనే అడిగిన మొదటి ప్రశ్న, స్కూలు మారుతుందట కదా అనే. మారుతుందంటే ధర తగ్గించి అడగవచ్చు, మారదంటే అడిగినంత ఇవ్వవచ్చు. ఏదీ తెలియని స్థితిలో కొనేవాడు ఏ బేరమూ ఆడకుండా వేరే వీధికి వెళ్ళిపోతాడు. ఆ ఇల్లు చలికాలమంతా అమ్మకం బోర్డు పెట్టుకుని అలాగే ఉండిపోయింది. ఓటు మాకు ప్రతికూలంగా పడిన రెండు వారాలకే అమ్ముడుపోయింది.

ఆగే వీలు ఉన్నవాడికి ఆ ఆరు నెలలు ఒక చికాకు మాత్రమే. ఆగే వీలు లేనివాడి సంగతి వేరు. నిరుడే పూర్తి ధర పెట్టి, చేతిలో ఉన్నదంతా డౌన్ పేమెంటుకు పోసి కొన్నవాడు; హెచ్-1బి మీద ఉండి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల్లో దారి చూసుకోవలసినవాడు; విడాకుల వల్ల ఇల్లు తెగనమ్ముకోవలసిన మనిషి. గీత వల్ల వచ్చే నష్టం కాగితం మీద అందరికీ సమానంగానే కనిపిస్తుంది గానీ, చేతి నుంచి సొమ్ము పోయేది వీళ్ళకే. మిగతావాళ్ళం అమ్మనే అమ్మం, పోయిందనుకుంటున్న విలువ మళ్ళీ ఎప్పుడు తిరిగి వచ్చిందో కూడా గమనించం. (ఆ ఏడాది కౌంటీవాళ్ళు ప్రాపర్టీ ట్యాక్సుకు వేసిన మా ఇంటి విలువ ఒక్క డాలరైనా తగ్గలేదు. పడిపోయిందని ఊరంతా ఏడ్చిన ధర ఆ ఒక్క ఆఫీసుకే వినిపించలేదన్నమాట.)

తర్వాతి రెండు వేసవుల్లో వీధికి ఇటొకటి, అటొకటి ఇళ్ళు అమ్ముడయ్యాయి. ఒకే బిల్డరు, ఒకే ప్లాను, ఒకే ఏడాది కట్టినవి. ఆకుపచ్చ వైపు ఇంటికి రెండు శాతం ఎక్కువ వచ్చింది, అయితే వాళ్ళు వంటగదిని కొత్తగా చేయించుకున్నారు. రెండు ఇళ్ళు చూసి సూత్రం కట్టకూడదని తెలుసు గనుక దీన్ని ఇంతటితో వదిలేస్తాను.

మీటింగుల్లో విన్న మాటల్లో ఒకటి మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. మైకు ముందుకు వచ్చిన ప్రతి ఒక్కరూ ఇంటి విలువ అనే మొదలుపెట్టారు. మూడో వాక్యానికి వచ్చేసరికి నారింజ బడి పరిధిలో ఉన్న అపార్ట్‌మెంట్ల ప్రస్తావన తెచ్చారు. ఆ పిల్లలతో కలిపితే మా పిల్లలు వెనకబడతారని సూటిగా అనలేక, విలువ అనే మాట వెనక దాక్కున్నారు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఐదేళ్ళు నేను ఉన్నది సరిగ్గా అలాంటి అపార్ట్‌మెంటులోనే. ఆ గదిలో కూర్చున్న మనవాళ్ళలో సగం మంది కథ కూడా అదే. ఎవరమూ లేచి ఆ మాట చెప్పలేదు, నాతో సహా. ఆకుపచ్చలోకి కొత్తగా చేరిన వీధులవాళ్ళు కూడా ఒక్కరూ మాట్లాడలేదు. లాభం వచ్చినవాడు మీటింగుకు ఎందుకు వస్తాడు?

ఈ గొడవలు ముందు ముందు పెరుగుతాయే తప్ప తగ్గవు. అమెరికాలో 2007లో 43 లక్షలకు పైగా పిల్లలు పుట్టగా, 2023లో పుట్టినవారు సుమారు 36 లక్షలే. పిల్లలు తగ్గిన చోట బడులు మూసి కలిపేస్తారు, కొత్త ఇళ్ళు లేచే శివార్లలో బడులు కట్టి విడదీస్తారు. రెండు చోట్లా గీత కదులుతుంది. మేరీల్యాండ్‌లోని హోవర్డ్ కౌంటీలో 2019 నవంబరులో బోర్డు వేసిన ఓటుతో 5,000 మందికి పైగా పిల్లల బడులు మారాయి. వర్జీనియాలోని ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ, సుమారు 1,80,000 మంది చదివే పెద్ద డిస్ట్రిక్టు, ఐదేళ్ళకొకసారి పరిధులన్నీ సమీక్షించాలని 2024లో విధానమే మార్చుకుంది. గీత శాశ్వతం కాదని ముందే చెప్పేస్తే కొనేవాడు దాని మీద అంత సొమ్ము పందెం కాయడు గనుక, దీర్ఘకాలంలో ఇది మంచి పద్ధతేనని నేను అనుకుంటాను.

ఇల్లు చూడడానికి వెళ్ళిన స్నేహితులు ఇప్పుడు నన్ను అడిగితే, రేటింగు చూసేముందు బడి వెనకకు వెళ్ళి ఆటస్థలం అంచున నిలబెట్టిన పోర్టబుల్ గదులను, అంటే తాత్కాలిక తరగతి గదులను, లెక్కపెట్టమంటాను. నాలుగైదు కనబడితే ఆ బడి నిండిపోయినట్టు, గీత లోపలికి జరిగే రోజు దగ్గర పడినట్టు. డిస్ట్రిక్టు వెబ్‌సైటులో విద్యార్థుల సంఖ్య మీద రాబోయే ఏళ్ళ అంచనాల నివేదిక సాధారణంగా ఉంటుంది, ఎవరూ చదవరు. చుట్టుపక్కల ఖాళీ పొలం ఉంటే అందులో ఎన్ని ఇళ్ళకు అనుమతి ఇచ్చారో నగర ప్రణాళికా విభాగాన్ని అడగవచ్చు. అన్నిటికంటే ముందు, చూస్తున్న వీధి పరిధికి నడుమన ఉందా, అంచున ఉందా అని పటంలో చూడాలి. మొదట తెగేది అంచున ఉన్న వీధే. అంచు ఇల్లు కొనవద్దని నేను అనను, అది నిజంగా నచ్చితే, ఆ రెండో బడి పేరుతో కూడా దానికి ఎంత ఇవ్వగలమో లెక్కవేసుకుని ఆ ధరకే బేరమాడమంటాను.

పోయిన వారం డిస్ట్రిక్టు నుంచి మళ్ళీ ఈమెయిల్ వచ్చింది. ఆకుపచ్చ బడిలో పిల్లలు తగ్గిపోయారట, పరిధులు మరోసారి సమీక్షిస్తారట. మా వైపు ఇళ్ళు వెనక్కి ఆకుపచ్చలోకి వెళ్ళవచ్చని పక్కింటాయన అప్పుడే ఫోను చేసి, అప్పట్లో తొందరపడి అమ్ముకోకపోవడమే మంచిదయిందన్నాడు. కొత్త పటం నేను ఇంకా తెరిచి చూడలేదు.