నూనె గిన్నె పక్కన పెట్టాక

“అమ్మా, ఇక నూనె వద్దు. నూనె తగిలితే పాయలు జారిపోతాయి, ముడిపడవు.”

పోయిన వేసవిలో ఓ ఆదివారం పొద్దున, కొబ్బరినూనె గోరువెచ్చగా చేసుకుని వచ్చి సోఫాలో కూర్చున్న నాతో మా అమ్మాయి అన్న మాటలివి. ముందురోజే స్నేహితురాలి పిన్ని దగ్గర ఏడు గంటలు కూర్చుని 62 డ్రెడ్‌లాక్స్ (జుట్టు చిక్కుపడి తాళ్లలా ముడిపడే పాయలు) మొదలుపెట్టించుకుని వచ్చింది. నాకు ముందే చెప్పలేదు, చెబితే ఒప్పుకోనని దానికి తెలుసు. మూడేళ్ల వయసు నుంచి వారం వారం ఆ తలకి నూనె పట్టించి, చిక్కు తీసి, రెండు జడలు వేసిన చేతులు నావి. దానికి తెలుగు చదవడం నేర్పలేకపోయాను, సంగీతం మధ్యలోనే మానేసింది, కానీ ఆదివారం తలంటు మాత్రం ఎన్నడూ తప్పలేదు. అదీ వద్దనేసరికి ఏడుపొచ్చింది.

ఆ ఏడుపులో అన్న మాటకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. “ఆ పిల్లతో తిరుగుతున్నప్పుడే అనుకున్నాను” అన్నాను. ఆ పిల్ల నల్లజాతి అమ్మాయి, మా ఇంట్లో ఎన్నోసార్లు పప్పన్నం తిన్న పిల్ల. మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

2018 డిసెంబరులో మా న్యూజెర్సీలోనే ఒక హైస్కూల్ రెజ్లింగ్ పోటీలో, డ్రెడ్‌లాక్స్ ఉన్న కుర్రాణ్ణి జుట్టు కత్తిరించుకుంటావా, ఓడిపోయినట్టు ఒప్పుకుంటావా అని రెఫరీ నిలదీస్తే, అక్కడికక్కడే అందరి ముందూ కత్తెర వేశారు. ఆ వీడియో చూసి ఎంత బాధపడ్డానో. సరిగ్గా ఏడాదికి, జాతితో ముడిపడిన జుట్టు తీరును బట్టి ఎవరిమీదా వివక్ష చూపకూడదని రాష్ట్రం చట్టం చేస్తే సంతోషించాను కూడా. అంత బాధపడ్డ మనిషిని, నా కూతురితో “కాలేజీ ఇంటర్వ్యూల లోపు తీయించెయ్” అన్నాను.

ఆ చట్టం వచ్చింది తరతరాలుగా జుట్టు పేరుతో అవమానాలు పడ్డ నల్లజాతివాళ్ల కోసం. మరి మా అమ్మాయి అలా పెట్టుకోవచ్చా? నాకు తేలలేదు. దాన్నే అడిగితే, “నేనూ అదే ఆలోచిస్తుంటానమ్మా” అంది.

ఇప్పుడు ఆ తల చూసేది మళ్లీ నేనే. మా పిల్లది ఉంగరాల జుట్టే అయినా వదులు జుట్టు, ఉత్తినే మెలిపెడితే నిలవదు. అందుకే చివర నుంచి కుదుళ్ల వైపు వెనక్కి దువ్వి పాయలు కట్టారు. మైనం లాంటివి అస్సలు రాయకూడదు, లోపల పేరుకుపోయి ఎన్నిసార్లు కడిగినా వదలదు. వారానికోసారి జిడ్డు మిగల్చని షాంపూతో కడిగి, లోపలి దాకా ఆరబెట్టాలి. తడి మిగిలితే ముక్కిన వాసన వస్తుంది, చలికాలంలో నాకు అదే పెద్ద టెన్షన్. ఆరాక పక్కపక్క పాయలు కుదుళ్ల దగ్గర అతుక్కోకుండా వేళ్లతో విడదీయాలి. మనిషికి రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయట. ఇంతకుముందు అవి నా దువ్వెనలో ఉండేవి, ఇప్పుడు ఆ పాయల్లోనే ఉండిపోతున్నాయి.

ఐదారు వారాలకోసారి, బయటికి లేచిన వెంట్రుకల్ని సన్నటి కొక్కెం సూదితో పాయలోకి లాగాలి. ముప్పావు మిల్లీమీటరు సూది. మాది నర్సాపురం దగ్గర పల్లె, మా అమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లింది అలాంటి సూదితోనే. ఈ జుట్టు చూసినప్పటి నుంచి అమ్మ వీడియో కాల్‌లో మనవరాలితో ముభావంగానే ఉండేది. మొన్న నేను పాయ కుడుతుంటే కాసేపు చూసి, “ఒసేయ్, సూదికి వేలు అడ్డం పెట్టు, పిల్లకి గుచ్చుకుంటుంది” అంది. జుట్టు సంగతి ఇంకేం మాట్లాడలేదు. ఒప్పుకుందని కాదు.

పిల్లల్ని వాళ్ల దారిన వదలండి అని మిగతా తల్లులకు చెబుదామనే ఇది రాయడం మొదలుపెట్టాను. కానీ నిన్న కణత దగ్గర చూస్తే రెండు పాయల కుదుళ్లు పలచబడ్డాయి. చక్కగా కనబడాలని నేనే బిగించి లాగుతున్నాను. అది “నొప్పి లేదులే” అంటుంది, చిన్నప్పుడు జడ బిగించి వేసినప్పుడు కూడా అలాగే అనేది. ఈసారి ఎనిమిది వారాల దాకా ముట్టుకోనని మాటిచ్చాను. ఆగస్టులో కాలేజీకి వెళ్లిపోతుంది. సూది తీసుకెళతానంటోంది కానీ, వెనకవైపు పాయలకి దాని చెయ్యి అందదు.