మిగిలిందే మా ఇంటి భోజనం

మన బడిలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. "హోటలమ్మాయ్" అనేవారు. 1990 టెన్త్ బ్యాచ్‌లో ఎవరినైనా అడగండి, నా ఇంటిపేరు గుర్తుండదు గానీ విజయవాడ గాంధీనగర్‌లో సినిమాహాళ్ళ వెనక సందులో మా హోటలు గుర్తుంటుంది. లెక్కల మాస్టారికి అక్కడ ఖాతా ఉండేది. నెలాఖరున ఆ ఖాతా పుస్తకం కూడికలు నాన్న నా చేతే చేయించేవాడు. తన బాకీ ఎంతో తెలిసిన పిల్లని మాస్టారు క్లాసులో లేపి ప్రశ్నలడగడం తగ్గించారని నా గట్టి నమ్మకం.

బడి గురించి, మాస్టార్ల గురించి రాసేవాళ్ళు మన బ్యాచ్ సమావేశానికి వేస్తున్న ఈ సంచికలో చాలామంది ఉంటారు. నేను ఆ హోటలు గురించే రాస్తాను.

హోటలు నడిపేవాళ్ళింట్లో వేళకి తిండి ఉండదు. వచ్చినవాళ్ళంతా తిని వెళ్ళాక, ఏ మూడున్నరకో, ఏ గిన్నెలో ఏది మిగిలితే అదే మా భోజనం. బేరం బాగా సాగిన రోజు మాకు చారూ మజ్జిగా. బేరం లేని రోజు గుత్తొంకాయ, ముద్దపప్పు, గోంగూర, అప్పడాలు, సమస్తం. అందుకని బంద్ అంటే నాన్నకి గుండెదడ, నాకూ తమ్ముడికీ పండగ. విజయవాడలో బందులకి కొదవేముంది!

నాన్న రాజకీయాలు మాట్లాడేవాడు కాదు. గల్లాపెట్టె వెనక దుర్గమ్మ ఫొటో తప్ప ఏ నాయకుడి ఫొటో కట్టనిచ్చేవాడు కాదు. అయినా ప్రతి ప్రభుత్వమూ ఆయన వంటింట్లోకి వచ్చే పోయింది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టారు. అంతకుముందు పల్నాడు మెట్ట ఊళ్ళ నుంచి కుర్రాళ్ళు వచ్చి, "రెండు పూటలా అన్నం పెట్టండి చాలు, జీతం మీ ఇష్టం" అని పనిలో చేరేవారట. ఊళ్ళో జొన్న సంకటి, ఇక్కడ వరన్నం. వాళ్ళ లెక్క అంతే. ఇంట్లోనే వరన్నం ఉడకడం మొదలయ్యాక అలా వచ్చేవాళ్ళు తగ్గారు. వచ్చినవాళ్ళు జీతం సంగతి ముందే తేల్చుకున్నారు. సప్లయర్లు దొరకడం లేదని నాన్న ఏళ్ళ తరబడి సణిగాడు. ఆ పథకం పేదవాడికి ఏం చేసిందో తర్వాత చాలామంది చెప్పగా విన్నాను గానీ, నాన్న సణుగుడు చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేదు.

1988 డిసెంబరు 26 మన బ్యాచ్‌లో ఎవరూ మరిచిపోరు. మనం అప్పుడు తొమ్మిదో తరగతి. నిరాహార దీక్షలో ఉన్న మన ఊరి ఎమ్మెల్యే, కాపు నాయకుడు వంగవీటి మోహన రంగాని హత్య చేశారన్న కబురు పాలవాడి వెంట వచ్చింది. నాన్న సగం ఎత్తిన షట్టరు మళ్ళీ దించేశాడు. తర్వాత అల్లర్లు, తగలబెట్టడాలు, కర్ఫ్యూ. అవన్నీ మీకు తెలిసినవే. మీకు తెలియనిది మా వంటింట్లో సంగతి. ముందురోజు రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి గంగాళాల నిండా ఉంది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. తినేవాడు లేడు. చలికాలం కాబట్టి ఆ రోజుకి పిండి మెత్తగా పొంగి ఊరుకుంది. అమ్మ ఇడ్లీలు వేసి గోడల మీదుగా పక్కిళ్ళకి అందించింది. మర్నాటికి పులుపెక్కింది. అప్పుడు బొగ్గుల కుంపటి మీద ఇనప మూకుడు పెట్టి, నూనె పోసి, అరచేతి మందాన దిబ్బరొట్టెలు. పైన మూత, మూత మీద నిప్పులు. అడుగు ఎర్రగా కరకరలాడేది, లోపల దూదిలా ఉండేది. ఆ మర్నాటికి పిండి ముక్కుకి తగలడం మొదలైంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త మైదా కలిపి పునుగులు వేసింది. వీధి చివర కాపలా ఉన్న పోలీసులకీ ఒక పొట్లం వెళ్ళింది.

మా సందులో రెండు వర్గాలవాళ్ళ ఇళ్ళూ ఉండేవి. గిన్నెలు ఇటూ అటూ బాగానే నడిచాయి. కానీ కర్ఫ్యూ ఎత్తేశాక, ఏళ్ళుగా రోజూ పొద్దున్నే పెసరట్టు తినే ఇద్దరు మళ్ళీ మా గడప తొక్కలేదు. నాన్న అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. గవర్నర్‌పేట వైపు బార్లు కొన్ని ఫ్యామిలీ రెస్టారెంట్లు అయ్యాయి. మందు లేని బారులో ఇంకేం మిగులుతుంది? ఏసీ గది, మసక లైట్లు, చైనీస్ మాస్టరు. మన ఊళ్ళో మధ్యతరగతి ఇళ్ళవాళ్ళు ఆదివారం రాత్రి పిల్లల్ని వెంటేసుకుని ఫ్రైడ్ రైసూ గోబీ మంచూరియా తినడం మరిగింది అక్కడే అని నా లెక్క. 1997లో నిషేధం సడలింది. బార్లు తిరిగొచ్చాయి, మంచూరియా మాత్రం పోలేదు. రాజకీయానికీ తిండి మోజుకీ తేడా అక్కడే తెలుస్తుంది. మొదటిది గోలగా వచ్చి సర్దుకుంటుంది. రెండోది చప్పుడు చేయకుండా వచ్చి తిష్ఠ వేస్తుంది.

మా భోజనం హోటలు మూతపడింది బందుల వల్లా కాదు, కర్ఫ్యూల వల్లా కాదు. ఎదురుగుండా చిన్న గదిలో మొదలైన కర్రీ పాయింటు వల్ల. ఒక బల్ల, వరసగా స్టీలు గిన్నెలు, వెనక ఒక మనిషి. చిన్న ప్లాస్టిక్ కవరు నోరు తెరిచి, గరిటెడు దొండకాయ వేపుడు వేసి, కవరు మూతి పట్టుకుని గిరగిరా తిప్పి రబ్బరు బ్యాండు తగిలించేవాడు. సాంబారు కవరైనా చుక్క కారేది కాదు. నాన్న గల్లా దగ్గర కూర్చుని అదే చూస్తూ ఉండేవాడు. ఒకరోజు అన్నాడు: "వాడు తెలివైనవాడే. మన భోజనంలో లాభం ఉన్న ముక్క ఒక్కటీ కోసుకుని అమ్ముతున్నాడు." నిజమే. ఎన్నిసార్లడిగినా పెట్టే అన్నం, నెయ్యి, పెరుగు, అరిటాకు, వడ్డించేవాళ్ళ జీతాలు, ఇవన్నీ మా నెత్తిన. అతనికి కూర ఒక్కటే. అన్నం ఎవరింట్లో వాళ్ళు కుక్కరులో పెట్టుకుంటారు.

ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తే ఆ కవర్ని తిట్టడానికి నాకు నోరు రాదు. ఉద్యోగం చేసే ఇల్లాలికి సాయంత్రం రెండు గంటలు మిగిల్చింది అదే. ఇరవై ఐదేళ్ళు హోటలు వంటిల్లు నడిపిన మా అమ్మ, ఒకసారి జ్వరంతో లేవలేక, పనిమనిషి చేత టమాటా పప్పు అక్కడి నుంచే తెప్పించుకుంది. నాన్న చూడకుండా ఖాళీ కవరు బియ్యం డబ్బా వెనక దాచింది. దొరికాక నాన్న ఏమీ అనలేదు. "ఎలా ఉంది?" అని అడిగాడంతే. "ఇంగువ ఎక్కువేశాడు" అంది అమ్మ.

అప్పటికి నేను పెళ్ళయి గుంటూరు బ్రాడీపేటలో ఉన్నాను. హోటలోళ్ళ పిల్ల అంటే వంటలో ఆరితేరి ఉంటుందని మా అత్తగారు ఆశపడ్డారు. నాకేమో గుప్పెళ్ళలో కొలవడం రాదు, కిలోల్లోనే వచ్చు. "నలుగురికి వండమంటే చేతకాదు గానీ మా కోడలు నలభైమందికి ఇట్టే వండిపెడుతుంది" అని చుట్టాలందరికీ చెప్పేవారు. మెచ్చుకోలు కింద లెక్కేసుకున్నాను.

తమ్ముడు భోజనాలు ఎత్తేసి కింద టిఫిన్లు, పైన చిన్న రెస్టారెంటు పెట్టాడు. 2013లో సమైక్యాంధ్ర ఉద్యమంలో వాడి చేత షట్టరు మూయించి, ఎదురుగా నడిరోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. హోటలు మూయించి రోడ్డు మీద వండటం ఏం న్యాయమో వాడికి ఈనాటికీ అర్థం కాలేదు. పైగా గిన్నెలు కూడా మా హోటలువే. 2016లో సచివాలయం వెలగపూడికి వచ్చింది. హైదరాబాద్ నుంచి దిగిన ఉద్యోగులు ఊళ్ళో అద్దెకి ఉండేవారు. వాళ్ళకి దమ్ బిర్యానీ కావాలి, ఇరానీ చాయ్ కావాలి. అప్పు చేసి పైగదికి ఏసీ పెట్టించాడు. శుక్రవారం సాయంత్రానికి వాళ్ళంతా రైలెక్కేసేవారు, శని ఆదివారాలు కుర్చీలు ఖాళీ. ఆ ఏడాదే నోట్ల రద్దు. టోకెను తీసుకుని రెండు వేల నోటు చాపితే చిల్లర ఎక్కడి నుంచి వస్తుంది? 2017 జూలై ఒకటి నుంచి జీఎస్టీ: ఏసీ హోటలుకి 18 శాతం, లేనిదానికి 12. పైన ఒక్క గదిలో ఏసీ ఉన్నా కింద ఇడ్లీ తిన్నవాడికీ 18 పడుతుందన్నారు. నవంబరు 15 నుంచి అయిదు శాతానికి దిగేదాకా వాడికి కౌంటరు దగ్గర రోజూ గొడవే. ఇక 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ తర్వాత కరోనా. ఏసీ అప్పు తీరడానికి మరదలి గాజులు కుదవకి వెళ్ళాయి.

ఈ గోలల మధ్యలోనే తిండి మోజులు వరసకట్టాయి. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ బెజవాడని ఊపేసింది. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు. అన్నం లేదు, ఇడ్లీ లేదు. రోజూ వచ్చే టిఫిన్ బేరం సన్నబడింది. "ఆమ్లెట్టు ఒక్కటే, కొబ్బరినూనెతో వేయగలరా?" అని అడిగేవాళ్ళు తయారయ్యారు. అది సద్దుమణిగేలోపు ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు వచ్చాయి. తమ్ముడింట్లో ఒక్క పొయ్యి మీద నాలుగు వంటలు: వాడికి కొర్రలు, మరదలికి పుల్కా, పిల్లాడికి యాప్‌లో తెప్పించిన మండీ, నాన్నకి చారన్నం. అమ్మ కాలంలో మిగిలిందైనా అందరం ఒకే గిన్నెలోంచి తిన్నాం.

కొర్ర ఇడ్లీ బియ్యపు రవ్వ ఇడ్లీకి రెట్టింపు ధర. అది ఆర్డరు చేసేవాళ్ళలో, మా హోటల్లో అన్నం కోసం పనికి కుదిరిన పల్నాడు సప్లయరు మనవడు ఒకడున్నాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాన్నకి కాళ్ళకి దండం పెట్టి మరీ తింటాడు.

2018 జూలైలో అన్న క్యాంటీన్లు మన ఊళ్ళోనే మొదలైనప్పుడు, అయిదు రూపాయల భోజనం ముందు మనమెక్కడ నిలుస్తామని తమ్ముడు బెంగపడ్డాడు. ఆటోవాళ్ళు, ఆస్పత్రికి వచ్చినవాళ్ళు పొద్దున్నే అటే వెళ్ళారు. 2019లో అవి మూతపడ్డాక వాళ్ళు మళ్ళీ మా దగ్గరికి వస్తారనుకున్నాడు. రాలేదు, తోపుడు బళ్ళ దగ్గర నిలబడ్డారు. 2024 ఆగస్టులో క్యాంటీన్లు తిరిగి తెరిచినప్పుడు మాత్రం వాడు పట్టించుకోలేదు. ఇప్పుడు వాడి దృష్టంతా అమరావతి పనులకి వచ్చిన ఉత్తరాది కూలీల మీద ఉంది. దోస మాస్టరు ఆలూ పరాటా నేర్చుకుంటున్నాడు.

మన సమావేశానికి భోజనాలు తమ్ముడే చేస్తున్నాడు. మెనూ గురించి గ్రూపులో జరిగిన యుద్ధం మీరంతా చూశారు: షుగరు వాళ్ళ పుల్కాలు, బిర్యానీ లేకపోతే రామన్నవాళ్ళు, కొర్రన్నం పార్టీ. ఎన్నికలప్పుడు కూడా ఇంత గొడవ లేదు. చివరికి మామూలు భోజనమే ఖాయం చేశాం, ఒక బల్ల మీద కొర్రన్నం విడిగా. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి అది తినే ఉంటారు. ఉప్పెక్కువైందంటే తమ్ముడితో చెప్పుకోండి, నాతో కాదు.