ఇంజిన్ ఎక్కడుంది మావయ్యా?

మొన్న సెలవుల్లో మా అక్క కూతుర్ని హైదరాబాద్ వండర్‌లాకి తీసుకెళ్ళాను. అక్కడ రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ క్యూలో నిలబడి రైలుని కింద నుంచి పైదాకా చూసి "మావయ్యా, దీనికి ఇంజిన్ ఎక్కడుంది?" అంది. లేదన్నాను. అంతే, క్యూ అయ్యేదాకా నన్ను వదల్లేదు.

రీకాయిల్‌లో ముందు రైలుని వెనక్కి ఈడ్చుకుంటూ టవర్ మీదకి లాగుతారు. ఆ ఎత్తే దాని పెట్రోలు. వదలగానే ఎత్తు తగ్గి వేగం పెరుగుతుంది, మళ్ళీ పైకెక్కుతుంటే వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది, అచ్చం ఉయ్యాలే. ఒకసారి లాగి వదిలేసిన ఉయ్యాల మళ్ళీ అంతే ఎత్తుకి రాదు కదా, రాపిడీ గాలీ కలిసి కొంత మింగేస్తాయి. రీకాయిల్‌కీ అదే సమస్య. అవతలి టవర్ తనంతట తాను పూర్తిగా ఎక్కలేదు, అందుకే అక్కడ ఒక గొలుసు అందుకుని మిగతా ఎత్తుకి లాగి వదులుతుంది. ఆ అప్పు తీరకపోతే వెనక్కి రాలేదు.

నాకు అసలు ఇష్టమైనది లూప్, అంటే రైలు తలకిందులుగా తిరిగే చుట్టు. అది గుండ్రంగా ఉంటుందనుకుంటాం గానీ పక్క నుంచి చూడండి, నీటిబొట్టులా ఉంటుంది. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అని నిజంగానే గుండ్రటి లూప్ కట్టారు, ఎక్కినవాళ్ళకి మెడలు పట్టేశాయి. ఎందుకంటే, చెంబులో నీళ్ళు పోసి గిర్రున తిప్పినట్టే, లూప్ పైన పడిపోకుండా ఉండాలంటే ఒక కనీస వేగం కావాలి. పైన ఆ వేగం మిగలాలంటే కింద చాలా ఎక్కువ వేగంతో దూరాలి. లెక్క వేస్తే, గుండ్రటి లూప్ అయితే కింద మన బరువు ఆరింతలు! 60 కిలోల మనిషి 360 కిలోలు తూగినట్టు, అదీ తిన్నగా వెళ్తున్న పట్టా ఒక్కసారిగా వంపు తిరిగినచోట, ఠక్కున. మెడ పట్టకేం చేస్తుంది?

మందు చాలా సింపుల్. వేగం ఎక్కువున్న కింద వంపు పెద్దగా, నిదానంగా. వేగం తగ్గిన పైన చిన్నగా, బిగువుగా. వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజినీరు ఆ లెక్కతో గీసిన లూప్ 1976లో కాలిఫోర్నియాలో మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ అనే రోలర్ కోస్టర్ మీద వచ్చింది. ఎనభై ఏళ్ళ తర్వాత అన్నమాట! మధ్యలో 1901లో కోడిగుడ్డు ఆకారంలో ఒకటి కట్టారు, మెడలకి కాస్త సుఖమే గానీ పాపం అదీ నిలబడలేదు.

ఇంత చెప్పేసరికి మా వంతు వచ్చింది. దిగాక "లూప్ ఎలా ఉందే?" అనడిగితే "ఏమో మావయ్యా, కళ్ళు మూసుకున్నా" అంది. గొలుసు లాగినప్పటి కుదుపు మాత్రం తెలిసిందట.