డైమండ్ సానరాయి మీద బలం పెట్టకండి

మొన్న శనివారం మా పాత డైమండ్ సానరాయిని కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూశాను. మధ్యలో బెత్తెడు మేర గరుకన్నదే లేదు, స్టీలు పళ్లెంలా నున్నగా మెరుస్తోంది. అంచుల వెంబడి మాత్రం కొన్నప్పటి గరుకు అలాగే ఉంది. కొని ఎనిమిది నెలలే. ఏళ్ల తరబడి రావాల్సిన వస్తువు, నొక్కి నొక్కి నేనే పాడు చేశాను.

ఆ అలవాటు నల్లరాయి నుంచి వచ్చింది. నాన్నగారు పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని, కార్బొరండం రాయి మీద నీళ్లు చిలకరించి, భుజం బలమంతా పెట్టి కత్తులు నూరేవారు. ఆ రాయికి అది చెల్లుతుంది, ఎందుకంటే పైన రేణువులు అరిగి రాలిపోతుంటే కింద నుంచి కొత్తవి తేలుతూ ఉంటాయి. అందుకే అది మధ్యలో పడవలా గుంట పడింది కూడా. డైమండ్ రాయి అలా కాదు. పేరుకి రాయి అంటున్నాం గానీ అది ఉక్కు పలక, దాని మీద వజ్రపు రేణువులు ఒక్క వరసే ఉంటాయి, వాటిని పట్టి ఉంచేది కరెంటుతో పూత పెట్టిన పల్చటి నికెల్. గట్టిగా నొక్కితే రేణువు ఆ నికెల్లోంచి ఊడొస్తుంది. ఊడిన చోట ఇంక కింద ఏమీ లేదు.

వజ్రం అనగానే మన వైపు వాళ్లకి కొల్లూరు, పరిటాల గనులు గుర్తొస్తాయి. వీటిలో ఉండేది మాత్రం ఫ్యాక్టరీ వజ్రం. 1954 డిసెంబరులో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ట్రేసీ హాల్ అధిక పీడనంలో వజ్రం తయారు చేశాకే ఇలాంటి పనిముట్లకి వజ్రపు పొడి చవకైంది. కొనేటప్పుడు మోనోక్రిస్టలైన్ అని ఉంటే తీసుకోండి. అంటే ప్రతి రేణువూ ఒకే స్ఫటికం, తొందరగా ముక్కలవదు. చిన్న చిన్న స్ఫటికాలు అతుక్కుని ఉండే పాలీ రకం త్వరగా చితికిపోతుంది.

కొత్తది వన్‌టౌన్‌లో ఒక హార్డ్‌వేర్ కొట్లో తీసుకున్నాను. ముందు చూపించింది ప్లాస్టిక్ దిమ్మకి అతికించిన రేకులాంటిది. స్టీలు స్కేలు నిలువుగా ఆనించి వెలుతురుకి పెడితే మధ్యలో సందు కనిపించింది, వద్దన్నాను. నాలుగు వందలు ఎక్కువ పెట్టి మందపాటి పలక తెచ్చుకున్నాను, ఒక వైపు 400, రెండో వైపు 1000. నంబరు పెరిగే కొద్దీ రేణువు సన్నం. డీఎంటీ అనే అమెరికా కంపెనీ లెక్కలో 325 మెష్ (జల్లెడ నంబరు) అంటే రేణువు 45 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 600 అంటే 25, 1200 అంటే 9. అన్ని కంపెనీల నంబర్లూ ఇంత నమ్మకంగా ఉండవు, చవక వాటిలో సన్నం వైపు కూడా అక్కడక్కడా ముతక రేణువులు తగిలి కత్తి మీద గీతలు పడతాయి. వంటింటికి 3000 అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. టమాటా తొక్క దిగాలంటే అంచుకి కొంచెం పళ్లు ఉండాలి, 1000 చాలు. పొడవు ఆరంగుళాలకి తగ్గకుండా చూసుకోండి. చిల్లులున్న పలకల్లో రజను, అంటే అరిగిన ఉక్కు పొడి, చిల్లుల్లోకి పోయి పని సాఫీగా సాగుతుంది గానీ చిన్న కత్తుల మొన ఆ చిల్లుల్లో తట్టుకుంటుంది.

కొత్త పలక మొదట్లో మరీ గరుకుగా ఉంటుంది. సరిగ్గా అంటుకోని రేణువులు, మిగతావాటికంటే పైకి లేచినవి కొన్ని వాడకంలో పోవాలి. పాత కత్తి మీద కాసేపు మెల్లగా లాగితే దారికొస్తుంది.

ఇక నూరడం. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు కత్తి అయితే వీపు వైపు సెంటీమీటరు పైకి ఎత్తితే సుమారు 15 డిగ్రీలు, సెంటీమీటరున్నర కంటే కాస్త తక్కువ ఎత్తితే 20. మన ఉల్లిపాయలూ గుమ్మడికాయలూ అన్నీ ఒకే కత్తితో కోసే ఇళ్లకి 20 మంచిది. నాలుగు చుక్కల నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, కత్తి బరువుతోనే లాగండి. అమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తూ చూసి, "కత్తి బరువు చాల్రా, నీ బరువెందుకు దాని మీద" అంది. సరిగ్గా అంతే. నాలుగైదు లాగుళ్లకే నీళ్లు బూడిద రంగుకి తిరుగుతాయి, పలక కోస్తోందనడానికి అదే గుర్తు. అవతలి వైపు బొటనవేలు అడ్డంగా జారిస్తే, వాదర వెంట సన్నటి మడత గరుకుగా తగులుతుంది. అది మొదలు నుంచి మొన దాకా తగిలేవరకూ వైపు మార్చకండి. 400 తర్వాత 1000 మీద కూడా రెండు వైపులా పూర్తయ్యాక ఆ మడత పోవడానికి న్యూస్‌పేపరు మీద వాదర వెనకుండేలా పదిసార్లు లాగితే చాలు.

అయిపోయాక పాత టూత్‌బ్రష్‌తో సబ్బు వేసి రజను కడిగేసి, వెంటనే గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. నీళ్లలో నానబెడితే నికెల్ లేచిన చోట ఉక్కు తుప్పు పడుతుంది. మా బోరు నీళ్లకి తెల్లటి చారలు కూడా మిగులుతాయి, అందుకే చివర మంచినీళ్లతో కడుగుతాను. రజను మరీ పట్టేస్తే పెన్సిలు రబ్బరుతో రుద్దండి, వస్తుంది. దీంతో వేరే సానరాళ్లు చదును చేయొద్దు, పలక ఆయుష్షు తగ్గిపోతుంది. డ్రిల్లుకి బిగించే డైమండ్ చక్రాలతో కత్తులు నూరొద్దు. వేగానికి పుట్టే వేడికి వజ్రంలోని కార్బన్ ఇనుములోకి పోయి వజ్రమే దెబ్బతింటుంది. చేత్తో నూరితే ఆ బాధ లేదు.

పాత పలక పారేద్దామనుకున్నాను గానీ అమ్మ కత్తిపీట గుర్తొచ్చింది. దాని వంపు లోపలికి వెడల్పాటి పలక ఆనదు, రెండు చివర్లే తగిలి మధ్యలో గాలి ఉంటుంది. పాత పలక అంచు మీద మిగిలిన గరుకు సరిగ్గా ఆ వంపులోకి వెళ్లింది. పీట మీద కాలు ఆనించి, వేళ్లు వాదరకి వెనకే ఉంచుకుని, కత్తిని కదపకుండా పలకనే కింద నుంచి పైకి నడిపాను. పావుగంట పట్టింది. నీళ్లు తుడిచి కొంచెం వేరుశనగ నూనె రాశాను, అది పాత ఇనుము, ఊరికే తుప్పు పడుతుంది. సాయంత్రం అమ్మ దొండకాయలు నిలువుగా నాలుగు చీలికలు చేస్తుంటే, గింజ కూడా తెగి తెల్లగా కనిపించింది.