కుండీ మట్టిలో తేమ: పికో డబ్ల్యూతో ఇప్పటిదాకా

హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో మూడు కుండీలు ఉన్నాయి. హాల్లో పీస్ లిల్లీ, కిటికీ పక్కన స్నేక్ ప్లాంట్, బాల్కనీలో కరివేపాకు. పైమట్టి ఎండినట్టు కనిపించినా వేళ్ల దగ్గర తడి ఉండొచ్చు. స్నేక్ ప్లాంట్ లాంటివి నీళ్లు తక్కువై కాదు, ఎక్కువై కుళ్లిపోతాయి. అందుకే మట్టిలో గుచ్చే సెన్సర్లు, వాటిని చదివే రాస్‌బెర్రీ పై పికో డబ్ల్యూ అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో లోపలి తేమను గంటగంటకూ నమోదు చేసే ఏర్పాటు మొదలుపెట్టాను.

మార్చి

సెన్సర్ ఇచ్చేది అనలాగ్ సిగ్నల్, అంటే తేమను బట్టి మారే వోల్టేజీ. రాస్‌బెర్రీ పై పెద్ద బోర్డుల్లో దాన్ని చదివే పిన్నులు ఉండవు, వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ చిప్ విడిగా పెట్టుకోవాలి. పికో డబ్ల్యూలో మాత్రం జీపీ26, 27, 28 అనే పిన్నులు ఆ పనికే ఉన్నాయి, వైఫై కూడా ఉంది. మూడు కుండీలకు మూడు పిన్నులు సరిపోయాయి. జంపర్ వైర్లు, హెడర్ పిన్నులు కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి.

సెన్సర్ల విషయంలో ఒక మాట గట్టిగా చెప్తాను: ఫోర్కులా రెండు కాళ్లుండే చవక రకం కొనకండి. అది మట్టిలోంచి కరెంటు పంపి తేమ కొలుస్తుంది, దాంతో కాళ్ల మీది లోహం కొన్నాళ్లకే అరిగిపోతుంది. కెపాసిటివ్ రకంలో లోహం మట్టికి తగలదు. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ ఆవేశాన్ని నిలవ ఉంచడంలో పదార్థం ఎంత తోడ్పడుతుందో చెప్పే అంకె) సుమారు 80, ఎండు మట్టిది 5 దాటదు. ఈ తేడానే అది పట్టుకుంటుంది. మట్టి తడిగా ఉంటే రీడింగ్ తగ్గుతుంది, ఎండితే పెరుగుతుంది.

కెపాసిటివ్ సెన్సర్ కొనేటప్పుడు దాని మీది చిన్న చిప్‌ను టార్చి వేసి చూడండి. టీఎల్‌సీ555 అని ఉండాలి. కొన్ని బోర్డుల మీద ఎన్ఈ555 వేసి అమ్ముతున్నారు. దానికి కనీసం 4.5 వోల్టులు కావాలి, పికో ఇచ్చే 3.3 వోల్టుల మీద దాని రీడింగ్‌ను నమ్మలేం. నా ప్యాకెట్‌లో అలాంటిది ఒకటి వచ్చింది, పక్కన పెట్టేశాను.

ఇంకో జాగ్రత్త. బోర్డు అంచులకు పూత ఉండదు, అక్కడి నుంచి నీరు లోపలికి పీల్చుకుంటుంది. అంచులన్నిటికీ నెయిల్ పాలిష్ రెండు పూతలు వేసి, చిప్‌లున్న పైభాగానికి వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ ట్యూబ్ తొడిగాను. బోర్డు మీద గీసిన గీత దాటి మట్టిలో గుచ్చకూడదు.

ఏప్రిల్

అసలు పని ఇక్కడే ఉంది. గాలిలో రీడింగ్ 46 వేల దగ్గర, గ్లాసు నీళ్లలో 21 వేల దగ్గర వచ్చింది. ఇవి సెన్సర్ వోల్టేజీకి పికో ఇచ్చే అంకెలు. ఈ రెంటినీ సున్నా, వంద శాతం అనుకుని లెక్క కట్టొచ్చు, చాలామంది చేసేది అదే. నాకు మాత్రం ఆ శాతం వల్ల మొక్క గురించి ఏమీ తెలియలేదు. అందుకని కుండీలను తూచడం మొదలుపెట్టాను. నిండా నీళ్లు పోసి, అడుగున కారడం ఆగాక తూచాను. తర్వాత రోజూ ఉదయం బరువు, రీడింగ్ పక్కపక్కన రాసుకున్నాను. ఒక్క గ్రాము తగ్గిందంటే ఒక మిల్లీలీటరు నీరు పోయినట్టు. చిన్న కుండీలకు కిచెన్ స్కేలు చాలు. కరివేపాకు కుండీని మాత్రం తాళ్లు కట్టి, లగేజీ తూచే కొక్కెం స్కేలుకు తగిలించాను.

కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) మిశ్రమంలో ఉన్న లిల్లీ 33 వేల దగ్గర ఆకులు వాల్చేస్తుంది. అదే రీడింగ్ దగ్గర ఎర్రమట్టిలోని కరివేపాకు నిక్షేపంగా ఉంది. కోకోపీట్ తన నీటిలో చాలా భాగాన్ని వేళ్లకు ఇవ్వకుండా పట్టుకుంటుంది, ఇసుక కలిసిన ఎర్రమట్టి అంతగా పట్టుకోదు. కాబట్టి ఏ రీడింగ్ దగ్గర నీళ్లు పోయాలనే హద్దు ఏ కుండీకి ఆ కుండీదే.

స్నేక్ ప్లాంట్ కడియం నర్సరీ నుంచి వచ్చింది. వేళ్ల చుట్టూ జిగట ఒండ్రుమట్టి ముద్ద అలాగే ఉంది, దాని చుట్టూ నేను వేసిన మిశ్రమం ఉంది. సెన్సర్‌ను మిశ్రమంలో గుచ్చితే ఎండిపోయిందంటుంది, అంగుళం జరిపి ముద్దలో గుచ్చితే బాగా తడి ఉందంటుంది. వేళ్లున్నది ముద్దలో కాబట్టి సెన్సర్‌ను అక్కడే ఉంచాను.

మే

బాల్కనీ సెన్సర్ గ్రాఫులో రోజూ ఒక అల కనిపించింది. మధ్యాహ్నానికి ఒక పక్కకు జరిగి, ఎవరూ నీళ్లు పోయకపోయినా రాత్రికి మళ్లీ మామూలవుతోంది. అది ఎండవేడి ప్రభావం, తేమలో మార్పు కాదు. సెన్సర్ తలకు నీడ కల్పించాను. ఒక రోజును ఇంకో రోజుతో పోల్చేటప్పుడు ఉదయం ఆరు గంటల రీడింగునే తీసుకుంటున్నాను.

రీడింగులో ఊగిసలాట ఎక్కువగా ఉంటే ముందు వైఫై ఆపి చదవండి. వరసగా ముప్ఫై రీడింగులు తీసుకుని, చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి మధ్యది వాడండి. వైఫై చిప్‌కు చెందిన డబ్ల్యూఎల్ జీపీఐవో1 పిన్‌ను ప్రోగ్రామ్‌లో హైలో (ఆన్) పెడితే బోర్డులోని పవర్ సరఫరా వల్ల వచ్చే అలజడి కూడా తగ్గుతుంది.

కరెంటు పోయి వస్తే పికో గడియారం 2021 జనవరి 1కి వెళ్లిపోతుంది. అందుకే ఆన్ కాగానే ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకుని, దానికి 19,800 సెకన్లు కలుపుతున్నాను. ఇంటర్నెట్ ఇచ్చే గ్రీన్‌విచ్ సమయానికి, మన సమయానికి ఉన్న ఐదున్నర గంటల తేడా అది. సమయం అందేదాకా ఏ రీడింగూ ఫైల్లో రాయనివ్వడం లేదు.

జూన్

ఇప్పుడు హద్దు దాటిన కుండీ పేరు టెలిగ్రామ్‌లో వస్తోంది. ఇంట్లో ఎవరు నీళ్లు పోసినా గ్రాఫ్ నిట్టనిలువుగా పడుతుంది కాబట్టి, పోశారా లేదా అని ఒకరినొకరు అడగాల్సిన పని లేదు. వానలు మొదలయ్యాక లిల్లీ మట్టి మేలో కంటే చాలా నెమ్మదిగా ఎండుతోంది. రోజులు లెక్కపెట్టి నీళ్లు పోసే అలవాటు మానేశాం.

కోకోపీట్ బాగా ఎండితే కుంచించుకుపోయి సెన్సర్ పక్కన సందు వస్తుంది, రీడింగ్ ఒక్కసారిగా ఎగురుతుంది. అలా కనిపిస్తే మట్టిని వేలితో అదిమి, కుండీని నీళ్ల బేసిన్‌లో అరగంట ఉంచుతున్నాను. పైనుంచి పోస్తే నీరు అంచుల వెంట జారిపోతుంది.

తర్వాత తులసి వంతు. పికోలో పిన్నులు అయిపోయాయి కాబట్టి నాలుగు సెన్సర్లను చదవగల ఏడీఎస్1115 అనే ఏడీసీ బోర్డు తెప్పించాను, ఈ వారం సోల్డరింగ్ చేయాలి. తులసి కుండీని ముందు తూచడం మొదలుపెట్టాను, సెన్సర్ తర్వాత గుచ్చుతాను.