మూడో మూలకం

నా జబ్బుకి రక్తపరీక్ష లేదు. నేను వేసుకునే మందుకి ఉంది.

మనసు ఒకప్పుడు దిగులులోకి, ఒకప్పుడు విపరీతమైన హుషారులోకి ఊగే ఈ జబ్బుకి బైపోలార్ డిజార్డర్ అని పేరు పెట్టాలంటే ఏ ల్యాబు చీటీ సరిపోదు. తలకి స్కాన్ తీసినా అందులో కనపడదు. డాక్టరు అడగాలి, మనం చెప్పాలి, మనం చెప్పలేనిది ఇంట్లోవాళ్ళు చెప్పాలి. మధ్యలో ఎవరైనా ఒక మాట మింగేస్తే జబ్బుకి ఇంకో పేరు పడుతుంది.

నేను తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మొదట వచ్చింది డిప్రెషన్, మా రెండోవాడు పుట్టాక. బోర్డు మీద ఓం నియమం రాసి, తర్వాత ఏం చెప్పాలో తోచక, పిల్లల వైపు తిరక్కుండా అలాగే నిలబడిపోయేదాన్ని. మా అత్తగారు దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. మా ఆయన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన అయిదు నిమిషాల్లో డిప్రెషన్ అని మాత్రలు రాశారు. అది డిప్రెషనే, అబద్ధమేం కాదు. కానీ "అంతకు ముందెప్పుడైనా నిద్ర లేకపోయినా మహా హుషారుగా తిరిగారా?" అని అడగలేదు. అడిగి ఉంటే బి.ఎడ్. చదివేటప్పటి ఒక వేసవి సంగతి చెప్పేదాన్ని. మా పుట్టింట్లో ఆ వేసవిని జబ్బనుకోలేదు, "పిల్ల ఎంత చురుగ్గా ఉందో" అని మురిసిపోయారు.

బైపోలార్ ఉన్నవాళ్ళకి ఒట్టి డిప్రెషన్ మాత్రలే ఇస్తే కొందరిలో మనసు ఒక్కసారిగా రెండో కొసకి ఎగిరిపోతుంది. దాన్ని మేనియా అంటారు. నాకు అదే జరిగింది.

నిజం చెప్పాలంటే మొదట్లో చాలా బాగుంది. రెండు గంటలు పడుకున్నా అలసట లేదు. స్కూల్లో సైన్స్ మ్యూజియం కట్టాలని నిశ్చయించుకుని పీఎఫ్ లోనుకి అప్లికేషన్ పెట్టాను. తెనాలిలో పాత ఇనుప సామాన్లతో విగ్రహాలు చేసే శిల్పుల దగ్గరికి వెళ్ళి సి.వి. రామన్ నిలువెత్తు విగ్రహానికి అడ్వాన్సు ఇచ్చేశాను. అర్ధరాత్రి డీఈఓ గారికి ఫోన్ చేసి మ్యూజియం ప్రారంభోత్సవానికి తేదీ అడిగాను. ఇప్పుడు స్టాఫ్ రూములో ఇది చెప్పుకుని నవ్వుకుంటాం. అప్పుడు నవ్వులాట కాదు. కొన్ని రోజులకి ఆ హుషారు పులిసిపోయింది. తోటి టీచర్లు నా ప్లాను దొంగిలిస్తున్నారని అనుమానం, హెచ్‌ఎం గారి మీద కేకలు, ఇంట్లో పసివాడు ఏడుస్తుంటే వినపడనంత వేగంగా నడిచే ఆలోచనలు. గుంటూరులో ఆస్పత్రిలో చేర్చారు.

అక్కడి డాక్టరు గారు నన్ను తక్కువ, మావాళ్ళని ఎక్కువ అడిగారు. "మీ వైపు ఎవరికైనా ఇలా ఉందా?" అంటే మా అన్నయ్య ఠక్కున "ఎవరికీ లేదండీ" అన్నాడు. మా పెదనాన్న మాత్రం తల దించుకుని, "మా చెల్లెలుండేది" అన్నారు.

ఆవిడ మా మేనత్త. ఒక ఆర్నెల్లు ఊరంతా తిరిగి పాటలు పాడేదట, తర్వాత ఆర్నెల్లు గది దాటేది కాదట. 1973లో చనిపోయింది. బావిలో కాలు జారిందని చెప్పుకున్నారు. పెదనాన్న ఆ గదిలో అంతకు మించి చెప్పలేదు, డాక్టరు గారూ రెట్టించలేదు. మామూలుగా వందలో ఒకరికి వచ్చే ఈ జబ్బు, అమ్మానాన్నలకో తోబుట్టువులకో ఉంటే వందలో అయిదు నుంచి పదిమందికి రావచ్చని తర్వాత చదివాను. మేనత్త అంటే ఇంకాస్త దూరం. అయినా నా జబ్బుకి సరైన పేరు దొరకడానికి ఆవిడ కథ సాయపడింది. ఇంట్లో ఎవరూ తలవని మనిషి కథ.

డాక్టరు గారు రాసిన మందు లిథియం కార్బొనేట్. "లిథియమా? మూడో మూలకమా?" అన్నాను. ఆవర్తన పట్టికలో హైడ్రోజన్, హీలియం తర్వాతది. లోహాలన్నిటిలో తేలికైంది. ఏటా పిల్లలతో వల్లె వేయిస్తాను. మెదడులో అది ఏం చేస్తుందండీ అని అడిగితే డాక్టరు గారు, "పూర్తిగా తెలీదమ్మా" అన్నారు. నాకు ఆ జవాబుతోనే ఆవిడ మీద గురి కుదిరింది. జీఎస్‌కే-3 అనే ఎంజైమును అణుస్తుందని ఒక లెక్క, ఇనోసిటాల్ అనే పదార్థాన్ని కణం తిరిగి వాడుకోనివ్వదని ఇంకో లెక్క. ఏది ఎంతవరకు అసలు కారణమో ఇంకా తేలలేదు.

ఈ మందు బయటపడిన తీరైతే ఏ పాఠ్యపుస్తకంలో పెట్టినా పిల్లలు నమ్మరు. జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు రెండో ప్రపంచయుద్ధంలో సింగపూర్‌లోని చాంగీలో జపాన్ సైన్యానికి మూడేళ్ళకు పైగా బందీగా ఉండి వచ్చాడు. మేనియా రోగుల ఒంట్లో ఏదో విషం తయారవుతుందని, అది మూత్రంలో దొరుకుతుందని ఆయన అనుమానం. మెల్‌బోర్న్ దగ్గర బుండూరా ఆస్పత్రిలో, రోగుల మూత్రాన్ని గినీ పందులనే చిన్న జంతువులకి ఎక్కించి చూశాడు. మూత్రంలో ఉండే యూరిక్ ఆమ్లం పాత్ర తేల్చడానికి నీళ్ళలో బాగా కరిగే లవణం కావాలి కాబట్టి లిథియం యూరేట్ తీసుకున్నాడు. తర్వాత ఒట్టి లిథియం కార్బొనేట్ ఎక్కిస్తే గినీ పందులు చచ్చిపోలేదు సరికదా, వెల్లకిలా పడుకోబెట్టినా కదలకుండా నిమ్మళంగా ఉన్నాయి. విషం ఊహ తప్పు, దొరికిన మందు మాత్రం నిజం. ముందు తనే మింగి చూసుకుని, తర్వాత రోగులకిచ్చి, 1949లో ప్రచురించాడు. ఏళ్ళ తరబడి ఉన్మాదంలో ఉన్న మొదటి రోగి కోలుకుని ఇంటికి వెళ్ళాడు. అదే రోగి 1950లో లిథియం విషమించి చనిపోయాడు. కేడ్ కొంతకాలం ఆ మందే పక్కన పెట్టేశాడు.

అప్పటికి తెలియనిది మోతాదు. రక్తంలో ఎంత లిథియం ఉందో కొలవాలి. దానికి ఫ్లేమ్ ఫోటోమీటర్ పనికొచ్చింది. బి.ఎస్సీ. ప్రాక్టికల్స్‌లో ప్లాటినం తీగని లవణంలో ముంచి మంటలో పెడితే సోడియం పసుపు, పొటాషియం లేత ఊదా, లిథియం ఎర్రగా మండడం చూశాను. అదే ఎరుపుని యంత్రంతో కొలిచి రోగి రక్తంలో లిథియం లెక్క తీశారు. ఇది చదివిన రోజు నా జబ్బు మీద ఉన్న సిగ్గు సగం పోయింది, ఎందుకో చెప్పలేను. నేను చెప్పే పాఠంలో ఉన్న విషయమే కదా అనిపించింది. తర్వాత డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ 1954 నుంచి వరసగా పరీక్షలు చేశాడు. ఆయన సొంత తమ్ముడికీ పదేపదే డిప్రెషన్ వచ్చేది, లిథియంతో ఆగింది. అమెరికాలో అనుమతి 1970లో వచ్చింది. మా మేనత్త పోయింది ఆ తర్వాతే. కానీ ఆ మందు పేరు మా ఊరి దాకా ఎవరు మోసుకొస్తారు? ఎవరికీ పేటెంటు లేని ఉప్పు అది, దాన్ని మోసుకు తిరగడానికి కంపెనీలకేం పని?

రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే పొద్దున తొమ్మిదికి రక్తం ఇవ్వాలి, పన్నెండు గంటల లెక్క. సాధారణంగా లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. 1.5 దాటితే ప్రమాదం. ఒకసారి లెవెల్ విపరీతంగా వచ్చింది, నేను మాత్రం రాయిలా ఉన్నాను. చూస్తే ల్యాబు కుర్రాడు ఆకుపచ్చ మూత గొట్టంలో రక్తం తీశాడు. ఆ గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా వేసేదే లిథియం హెపారిన్! అప్పట్నుంచి సూది గుచ్చకముందే మూత రంగు చూస్తాను. "మేడం, మీరు ల్యాబులో చేరిపోండి" అంటాడు వాడు.

ఇంకో వేసవిలో మాత్రం లెక్క నిజంగానే దాటింది. రోహిణి కార్తె ఎండలు, వాంతులు, దానికి తోడు కాలు మెలిక పడితే మందుల షాపులో డైక్లోఫెనాక్ ఇచ్చారు. లిథియం వాడుతున్నానని చెప్పాను కూడా, "పర్లేదు మేడం" అన్నాడు షాపతను. లిథియాన్నీ సోడియాన్నీ కిడ్నీ పెద్దగా వేరు చేయలేదు. ఒంట్లో నీళ్ళూ ఉప్పూ తగ్గితే సోడియాన్ని పట్టి ఉంచుకున్నట్టే లిథియాన్నీ పట్టి ఉంచుకుంటుంది. ఆ రకం నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తం తగ్గించి దాన్ని ఇంకా పెంచుతాయి. చేతులు ఎప్పుడూ సన్నగా వణికేవే, ఆ రోజు గ్లాసు నిలవలేదు. మాట ముద్దగా వచ్చింది, నడక తూలింది. మా అత్తగారికి మందు అనుమానం కూడా వచ్చిందట, నేను తాగే మందు! ఆస్పత్రిలో లెవెల్ 2 దాటి ఉంది. సెలైన్ ఎక్కించి దించారు. ఇప్పుడు నొప్పికి డాక్టరు గారిని అడిగి పారాసెటమాల్ వేసుకుంటాను. ఉప్పు ఒక్కసారిగా మానేయను, పెంచను.

ఇన్ని తిప్పలున్నా ఎందుకు వేసుకుంటున్నావంటే, నాకు పనిచేసింది కాబట్టి. బాగా పనిచేసేది సుమారు మూడోవంతు మందికేనని అంటారు. ఆత్మహత్యల్ని తగ్గిస్తుందని చాలా అధ్యయనాల్లో కనిపించింది, అమెరికా మాజీ సైనికుల మీద చేసిన ఒక పెద్ద ట్రయల్‌లో కనపడలేదు. నేను మొదటి మాటనే పట్టుకున్నాను. మా మేనత్త కారణంగా కావచ్చు.

ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పగలిగితే? 2015లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆరుగురు రోగుల చర్మకణాల్ని మూలకణాలుగా మార్చి, వాటి నుంచి మెదడు కణాలు పెంచారు. ఆ కణాలు మామూలు వాళ్ళ కణాలకంటే ఎక్కువగా చెలరేగాయి. లిథియం కలిపితే, ఆ మందుతో బాగుపడిన రోగుల కణాలు మాత్రమే నెమ్మదించాయి. మిగతావాళ్ళవి లొంగలేదు. ఆరుగురితో ఏం రుజువవుతుందని నాలోని టీచరు అడుగుతుంది. అయినా ఆ పేజీ ప్రింటు తీసి దాచుకున్నాను. బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ అనే పరిశోధన సంస్థలు కలిసి ఇలాంటి పనే చేస్తున్నాయి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి మానసిక జబ్బులున్న కుటుంబాల నుంచి రక్తం తీసుకుని మూలకణాలు తయారు చేస్తారు.

అన్నయ్యతో చెప్పాను, మనమూ ఒకసారి అడిగి చూద్దామా అని.

"అమ్మాయి పెళ్ళయ్యేదాకా ఆగవే" అన్నాడు.

"పెళ్ళయ్యాక దానికి పిల్లలు పుట్టేదాకా ఆగమంటావు."

"అంటాను" అన్నాడు, నవ్వలేదు. పెదనాన్నని కూడా తీసుకెళ్ళాలంటే తొందరపడాలి, ఆయనకి ఎనభై దాటాయి. మేనకోడలికి మాత్రం నేనే చెప్పేశాను. "డిప్రెషన్ అని ఎవరైనా మాత్ర రాస్తే ముందు నా సంగతి చెప్పు" అన్నాను. "నాకు ఇంటర్‌లోనే తెలుసత్తా" అంది.

లిథియం వల్ల నా థైరాయిడ్ మందగించింది, దానికి పొద్దున్నే ఇంకో మాత్ర. ఈ మధ్య కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కొంచెం పెరిగింది. డాక్టరు గారు మోతాదు కాస్త తగ్గించారు. లిథియంకి బదులు వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు గురించీ చెప్పారు, ఇప్పుడే మార్చక్కర్లేదన్నారు. మార్చే రోజొస్తే మొదట ఏం గమనించాలో మా ఆయనకి కాగితం మీద రాసిచ్చారు: నిద్ర, ఖర్చు, రాత్రిపూట ఫోన్లు. ఎండాకాలం సెలవుల్లో మళ్ళీ రక్తం ఇవ్వాలి, జూన్‌లో బళ్ళు తెరిచేలోపు చూసి చెప్తామన్నారు.