ఫుల్ థ్రాటిల్ గొడవ

నిద్ర పట్టట్లేదు, అందుకే ఇది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మా ఆయన ఫోన్ తీసుకుని, విమానం నడపడం నేర్చుకుంటున్న మా తమ్ముడికి క్లాసు పీకారు. "టేకాఫ్‌లో మరీ ఫుల్ ఇయ్యబాకరా, ముప్పావు చాలు, ఇంజను నాలుగు కాలాలు ఉంటది" అని. వాడేమో "సరే బావా" అని ఊరుకున్నాడు. నాకు మండింది అక్కడే. రొయ్యల గుంటల దగ్గర జనరేటర్ తోలిన అనుభవం ఆయనకి పెద్దదే, కాదనను, కానీ విమానం నేర్చుకుంటున్నవాడు బావ అనే మర్యాదకి నోరు మూసుకుంటే ఎట్లా?

వాడు నేర్చుకునేది సెస్నా 172 అనే చిన్న విమానం మీద, కార్బ్యురేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజనుకి పంపేది) ఉన్న పాతది. అలాంటి చాలా కార్బ్యురేటర్లలో థ్రాటిల్ (ఇంజను పవర్ పెంచే, తగ్గించే మీట) పూర్తిగా తెరిస్తేనే అదనపు పెట్రోలుకి దారి తెరుచుకుంటుంది, ఆ పెట్రోలే సిలిండర్లను వేడెక్కిపోకుండా కాపాడుతుంది. ముప్పావుతో లేస్తే ఇంజనుకి మేలు లేదు సరికదా, రన్‌వే కూడా ఎక్కువ తింటుంది. ఇవన్నీ నాకు చెప్పింది వాడే! బావకి మాత్రం చెప్పడు.

కోవూరు చేలో నాన్న ఆయిల్ ఇంజను గుర్తొచ్చింది. ఆపే ముందు, చల్లటి నీళ్లు ఇంజను చుట్టూ తిరిగి బయటికొచ్చే సన్న గొట్టం కింద వేళ్లు పెట్టి చూసేవాడు. నీళ్లు చురుక్కుమంటే ఆపేవాడు కాదు. స్పీడు తగ్గించి, గట్టు మీద కూర్చుని, బీడీ అయిపోయేదాకా దాన్ని ఊరికే ఆడనిచ్చేవాడు. చీకటి పడుతోంది, ఇంటికి పోదాం నాన్నా అని నేను ఏడ్చినా సరే కదిలేవాడు కాదు.

విమానం పైనుంచి దిగేటప్పుడు తమ్ముడూ అంతే చెయ్యాలట, థ్రాటిల్ టక్కున మూసేయకుండా కొంచెం కొంచెంగా లాగాలి. సిలిండర్ హెడ్ (సిలిండర్ పై మూత) నిమిషానికి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా వేగంగా చల్లారకూడదు.

రాస్తుంటే అనిపిస్తోంది, మా ఆయన మాట మొత్తం తీసిపారేసేది కాదు. పైకెక్కి తిన్నగా పోయేటప్పుడు ఇంజను ఎక్కువ కాలం మన్నాలంటే 65 శాతం పవర్ దాటొద్దని, సిలిండర్ హెడ్ 400 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపే ఉంచమని ఇంజను తయారుచేసే లైకమింగ్ కంపెనీ వాళ్లే చెబుతారు. ఆయన చెప్పింది టేకాఫ్‌కి కాకుండా దీనికైతే సరిగ్గా సరిపోయేది.

అసలు కోపం ఆ ట్రైనింగ్ స్కూలు మీద పడాలి. వానలని వారాల తరబడి విమానాలు కదపకుండా పెట్టారు. లైకమింగ్ ఇంజనులో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిపించే కడ్డీ) పైన ఉంటుంది, ఆగి ఉంటే ఆయిల్ కిందికి జారిపోయి తుప్పు పడుతుంది. నేల మీద కాసేపు స్టార్ట్ చేసి ఆపితే లోపలి చెమ్మ పోదు, గాల్లోకి లేచి గంటసేపైనా తిరగాలి. అలా తిప్పారో లేదో రేపు వాణ్ని అడగాలి, బావ పక్కన లేనప్పుడు.